పత్రం చదివితే సరిపోదు

1858 జూలై 1న లండన్‌లోని లిన్నియన్ సొసైటీలో ముప్పై మంది దాకా కూర్చుని ఉన్నారు. సంఘ కార్యదర్శి లేచి కొన్ని కాగితాలు చదివాడు. ప్రకృతి వరణం గురించి చార్ల్స్ డార్విన్, ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ ఎవరికి వారు రాసుకున్న భాగాలవి. డార్విన్ పసికొడుకు మూడు రోజుల ముందే చనిపోయాడు, అందుకని ఆయన రాలేదు. వాలెస్ న్యూగినీలో ఉన్నాడు. తన వ్యాసం లండన్‌లో చదువుతున్నారన్న సంగతే ఆయనకు తెలియదు. డార్విన్ మిత్రులు లయెల్, హుకర్ ఆ పత్రాలను సంఘానికి అందజేశారు, కార్యదర్శి చదివాడు, సభికులు విన్నారు. చర్చ ఏమీ జరగలేదు. సంవత్సరం తిరిగాక, ఈ ఏడాది చెప్పుకోదగ్గ గొప్ప ఆవిష్కరణ ఏదీ రాలేదన్న అర్థంలో సంఘ అధ్యక్షుడు ప్రసంగించాడు.

ఆ శ్రోతలను తప్పుపట్టలేం. అప్పటి పద్ధతే అది. సభ్యుల్లో ఒకరు పత్రాన్ని సంఘం ముందు పెట్టేవారు, చాలాసార్లు కార్యదర్శే చదివేవాడు, రాసినవాడు ఎదురుగా ఉండాలన్న నియమం లేదు. లండన్ రాయల్ సొసైటీలో ఏ పత్రం అచ్చు వేయాలో తేల్చడానికి 1752లో ఒక కమిటీ ఏర్పడింది. పత్రాన్ని నిపుణులకు పంపి, వాళ్ల అభిప్రాయం రాతపూర్వకంగా తెప్పించుకోవడం అక్కడ 1832 నుంచి మొదలైంది. ఈ రోజు పరిశోధక విద్యార్థి గుండె దడతో ఎదురుచూసే సమీక్షల మూలం అక్కడుంది. పత్రాన్ని తూచే ఏర్పాటు అలా వచ్చింది గానీ, రాసినవాడినీ విన్నవాడినీ ముఖాముఖి కూర్చోబెట్టే ఏర్పాటు వేరే చోట, వేరే అవసరం నుంచి పుట్టింది.

ఆ చోటు జర్మనీ. అప్పుడది ఒక దేశం కాదు. చిన్నా పెద్దా సంస్థానాలుగా చీలి ఉండేది, సెన్సార్ గట్టిగా ఉండేది. ప్రకృతి శాస్త్రజ్ఞుడు లోరెంజ్ ఓకెన్ తాను నడిపిన ‘ఈసిస్’ పత్రిక వల్ల ఏలినవారి ఆగ్రహానికి గురై 1819లో యేనా విశ్వవిద్యాలయంలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆయనే 1822లో శాస్త్రజ్ఞులనూ వైద్యులనూ లైప్‌జిగ్‌కు పిలిచాడు. వచ్చింది కొద్దిమందే. ఏటా ఒక కొత్త ఊళ్లో కలుద్దామనుకున్నారు. పత్రాలు వినిపించుకోవడం కంటే ముందు ఒకరినొకరు స్వయంగా తెలుసుకోవడమే తమ ప్రధాన ఉద్దేశమని నియమావళిలోనే రాసుకున్నారు. ఇన్నేళ్ల సదస్సుల చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన వాక్యం అది. ఆరేళ్లకు బెర్లిన్ సమావేశం అలెగ్జాండర్ హంబోల్ట్ ఆధ్వర్యంలో జరిగేనాటికి వచ్చేవాళ్లు వందల్లోకి పెరిగారు. అందరూ ఒకే హాల్లో కూర్చుంటే పని సాగదని శాస్త్రాలవారీగా విడివిడి విభాగాలు పెట్టారు. ఇప్పటి సదస్సుల్లో ఒకే సమయానికి నాలుగు గదుల్లో నాలుగు సెషన్లు నడవడం ఆ ఏర్పాటుకు కొనసాగింపే. ఇంగ్లండ్ నుంచి చార్ల్స్ బాబేజ్ ఆ సభకు వెళ్లి చూసి, తిరిగొచ్చి దాని గురించి రాశాడు. 1831లో యార్క్‌లో శాస్త్రజ్ఞుల సంఘమైన బ్రిటిష్ అసోసియేషన్ మొదలు కావడానికి ఈ జర్మన్ నమూనా తోడ్పడింది.

ముఖాముఖి కలిస్తే ఏం జరుగుతుందో 1860లో రసాయన శాస్త్రజ్ఞులు చూపించారు.

ఆ రోజుల్లో రసాయన శాస్త్రం గందరగోళంలో ఉంది. నీటిని ఒకరు ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్‌గా రాస్తే, మరొకరు రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్‌గా రాసేవారు. ఆక్సిజన్ పరమాణు భారం ఒకరి లెక్కలో 8, ఇంకొకరి లెక్కలో 16. కార్బన్‌ది 6 అని కొందరు, 12 అని కొందరు. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం ఒక్కదానికే వాడుకలో ఉన్న 19 ఫార్ములాలను ఆగస్ట్ కెకూలే తన పాఠ్యపుస్తకంలో వరసగా చూపించాడు. ఒకరు రాసిన పత్రం మరొకరు చదవాలంటే, ముందు ఆయన ఏ లెక్క పాటిస్తున్నాడో తేల్చుకోవాలి. పత్రాలకు కొదవ లేదు, పత్రికలకూ కొదవ లేదు. ఎంత అచ్చయినా ఈ తగవు మాత్రం తెగలేదు.

కెకూలే, పారిస్‌లోని వుర్ట్స్, కార్ల్స్‌రూహెలోని వెల్ట్‌సీన్ కలిసి ఐరోపా అంతటికీ ఆహ్వానాలు పంపారు. 1860 సెప్టెంబరు 3 నుంచి మూడు రోజులు కార్ల్స్‌రూహెలో సభ జరిగింది. వంద మందికి పైగా వచ్చారు. రష్యా నుంచి వచ్చిన వాళ్లలో, అప్పుడు హైడల్‌బర్గ్‌లో పనిచేస్తున్న 26 ఏళ్ల మెండలీవ్ ఒకడు.

ఇటలీ నుంచి వచ్చిన స్టానిస్లావో కన్నిజారో గట్టిగా వాదించాడు. తన దేశస్థుడు అవొగాడ్రో 1811లో ప్రతిపాదించిన సూత్రాన్ని పట్టుకుంటే పరమాణువుకూ అణువుకూ తేడా తేటతెల్లమవుతుందని, భారాలన్నీ ఒక దారిలో పడతాయని చెప్పాడు. సభ ఒప్పుకోలేదు. శాస్త్ర విషయాలను ఓటింగుతో తేల్చకూడదని, ఎవరి అభిప్రాయం వారిదేనని అనుకుని సభ ముగిసింది. ఆనాటి సభా నివేదిక ఒక్కటే మిగిలి ఉంటే ఆ ప్రయాణాలన్నీ వృథా అనే అనుకునేవాళ్లం.

కానీ సభ చివర్లో కన్నిజారో మిత్రుడు ఆంజెలో పవేసి ఒక చిన్న పుస్తకం ప్రతులు పంచాడు. విద్యార్థులకు తాను పాఠం చెప్పే తీరును వివరిస్తూ కన్నిజారో 1858లోనే ప్రచురించిన వ్యాసమది. రెండేళ్లుగా అచ్చులో ఉన్నా పట్టించుకున్నవారు తక్కువ. జర్మన్ శాస్త్రజ్ఞుడు లోథర్ మేయర్ తన ప్రతిని జేబులో పెట్టుకుని, తిరుగు ప్రయాణంలో చదివాడు, ఇంటికెళ్లి మళ్లీ చదివాడు. తన కళ్లకు కమ్మిన పొరలు విడిపోయాయని తర్వాత రాశాడు. 1864లో ఆయన వెలువరించిన పుస్తకం ఈ పద్ధతినే నిలబెట్టింది. మెండలీవ్ సభ విశేషాలను తన గురువుకు ఉత్తరంలో రాస్తే అది పీటర్స్‌బర్గ్ పత్రికలో అచ్చయింది. సరైన పరమాణు భారాలు చేతిలో ఉన్నాయి గనుకే 1869లో మూలకాలను వరసలో పేర్చగలిగాడు.

కార్ల్స్‌రూహె కథను చాలామంది కన్నిజారో వాగ్ధాటికి దక్కిన గెలుపుగా చెబుతారు. నేనలా అనుకోను. వేదిక మీది మాట కుతూహలం పుట్టించింది, చేతికందిన పుస్తకం ఒప్పించింది. మనిషిని చూసి, వాదన విని ఉండకపోతే మేయర్ ఆ పుస్తకం తెరిచేవాడా?

మన దేశానికి ఈ సంప్రదాయం 1914 జనవరిలో వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో పనిచేసే సైమన్‌సెన్, లక్నోలోని మెక్‌మహన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞుల పూనికతో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ భవనంలో మొదటి ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ జరిగింది. అశుతోష్ ముఖర్జీ అధ్యక్షుడు. 105 మంది వచ్చారు, ఆరు విభాగాల్లో 35 పత్రాలు. 1937లో ఆ కాంగ్రెస్ హైదరాబాద్‌కు వచ్చినప్పుడు చెరకు వంగడాల శాస్త్రజ్ఞుడు టి.ఎస్. వెంకటరామన్ అధ్యక్షత వహించారు. తర్వాత విశాఖ, తిరుపతి కూడా ఆతిథ్యమిచ్చాయి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పరిశోధకుల సంఖ్య ఎంత పెరిగిందంటే, మనిషికి పది నిమిషాలిచ్చినా రోజులు చాలని పరిస్థితి వచ్చింది. పత్రాలు తిరస్కరించాలి, లేదా ఇంకో రూపం వెతకాలి. ఆ అవసరంలోంచే పోస్టర్ వచ్చింది. 1969లో మాడ్రిడ్‌లో జరిగిన ఐరోపా జీవరసాయన సంఘాల సమావేశంలో, 1974లో అమెరికాలోని మినియాపొలిస్ సమావేశంలో పరిశోధకులు తమ ఫలితాలను బోర్డుల మీద అంటించి పక్కన నిలబడ్డారు. పోస్టర్ ఇస్తే చిన్నచూపు చూశారని బాధపడే విద్యార్థులు నేటికీ ఉన్నారు. నా మటుకు నాకు అదే మంచి అవకాశం. ఆసక్తి ఉన్నవాడే ఆగుతాడు, అర్థం కాని గ్రాఫు మీద వేలు పెట్టి అడుగుతాడు, సమాధానం చాలకపోతే మళ్లీ అడుగుతాడు. లైప్‌జిగ్‌లో ఓకెన్ కోరుకున్న పరిచయం అక్కడ దొరుకుతుంది.

సమర్పణ సంగతి కూడా మారింది. అప్పట్లో సభ్యుడి సిఫార్సు కావాలి. ఇప్పుడు ముందు అబ్‌స్ట్రాక్ట్ పంపాలి, తర్వాత పూర్తి పత్రం, అదీ గడువులోగా. రాసినవారెవరో సమీక్షకులకు, సమీక్షకులెవరో రాసినవారికి తెలియకుండా పేర్లు దాచే పద్ధతి చాలా సదస్సుల్లో ఉంది. గైడ్ ఎవరో, ఏ ఊరి కాలేజీయో చూడకుండా పని చూస్తారు గనుక చిన్న కాలేజీ విద్యార్థికి ఇంతకంటే మేలు చేసే ఏర్పాటు ఇంకోటి లేదు.

మన దగ్గర మాత్రం ఒక లోటు నన్ను బాధపెడుతుంది. ప్రారంభ సభలో జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, అతిథుల ప్రసంగాలు మధ్యాహ్నం దాకా సాగుతాయి. ఆలస్యం భారమంతా పత్ర సమర్పణల మీద పడుతుంది. నెలల తరబడి పనిచేసి రాత్రి బస్సెక్కి వచ్చిన అమ్మాయికి ఐదు నిమిషాలిస్తారు, ప్రశ్నలకు సమయం లేదంటారు, సర్టిఫికెట్ చేతిలో పెడతారు. ఆమె పత్రాన్ని కార్యదర్శి చదివి వినిపించినా తేడా ఏముంది? ఒక్కో పత్రానికి ఇచ్చే పావుగంటలో పది నిమిషాలు ఆమెవి, మిగిలిన ఐదు ప్రశ్నలవి. ప్రారంభ సభ ఎంత ఆలస్యమైనా ఆ ఐదు నిమిషాలను వదులుకోనని సెషన్ అధ్యక్షులు ముందే నిర్వాహకులకు చెప్పి కుర్చీలో కూర్చోవాలి.