ఫరో ధర్మం, పనివారి ధాన్యం: మూడవ రామెసిస్ పాలనపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ప్రాచీన ఈజిప్టు ఆలయశాసనాలు ఫరోను దేవతాంశగా, లోకవ్యవస్థకు రక్షకుడిగా వర్ణించాయి. ఆ వర్ణన నిత్యపాలనలో ఎంతవరకు నిలిచిందో తెలుసుకోవాలంటే శాసనాలతోపాటు లేఖకులు రాసుకొన్న పాలనాపత్రాలనూ చదవాలి. 20వ రాజవంశానికి చెందిన మూడవ రామెసిస్ పాలనలోని చివరి సంవత్సరాలను ఆధారంగా చేసుకొని, ధాన్యం పంపిణీకీ రాజాధికారానికీ ఉన్న సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ప్రధానపదాలు: ఫరో, మాత్, మూడవ రామెసిస్, దైర్ ఎల్-మదీనా, సమ్మె, అంతఃపుర కుట్ర.

1. ఉపోద్ఘాతం

'ఫరో' అన్న పదానికి మూలం 'పెర్-ఆ' అనే ఈజిప్టు మాట. 'గొప్ప ఇల్లు' అని దాని అర్థం. మొదట రాజప్రాసాదాన్ని సూచించిన ఈ మాట 18వ రాజవంశ కాలంలో రాజుకే పేరయింది. ఈ అర్థపరిణామం గమనింపదగినది. ప్రజల దృష్టిలో రాజు ఒక వ్యక్తి మాత్రమే కాదు. పన్నుల ధాన్యం చేరే ఇల్లు, జీతాల ధాన్యం బయలుదేరే ఇల్లు కూడా ఆయనే.

ఈజిప్టు రాజుల చరిత్ర అనగానే గీజా పిరమిడ్లు, టూటన్‌ఖామున్ సమాధిలోని బంగారం గుర్తుకు వస్తాయి. మరణించిన రాజుకు దక్కిన మర్యాదను అవి చెబుతాయి. జీవించి ఉన్న రాజుపై ప్రజలు ఏ ఆశలు పెట్టుకొన్నారో, ఆ ఆశలు తీరనప్పుడు ఏం చేశారో తెలుసుకోవడానికి వేరే ఆధారాలు కావాలి. క్రీ.పూ. 12వ శతాబ్దం పూర్వార్ధంలో 31 ఏళ్లు పాలించిన మూడవ రామెసిస్ విషయంలో అటువంటి ఆధారాలు అరుదైన స్పష్టతతో లభిస్తున్నాయి.

2. మాత్: రాజధర్మానికి పునాది

సత్యం, న్యాయం, సమతుల్యం అనే అర్థాలన్నీ కలిసిన భావన 'మాత్'. శిరస్సుపై ఈక ధరించిన దేవతగా ఈజిప్షియన్లు దానిని చిత్రించారు. వైదిక వాఙ్మయంలోని ఋతంతో దీనిని పోల్చవచ్చు గాని రెండూ ఒకటి కావు. మాత్‌ను లోకంలో నిలపడం ఈజిప్టులో ప్రధానంగా రాజు బాధ్యత. చిన్న మాత్ ప్రతిమను దేవునికి సమర్పిస్తున్న రాజు చిత్రం ఆలయాల గోడలపై తరచుగా కనిపిస్తుంది.

శత్రువును జయించడం, దేవతలకు నైవేద్యం పెట్టడం, బలహీనునికి న్యాయం చేయడం ఈ బాధ్యతలోని భాగాలే. ఆచరణలో వీటన్నిటికీ అవసరమైనది ధాన్యం. నాణేలు లేని ఆ ఆర్థికవ్యవస్థలో సైనికునికీ, పూజారికీ, శిల్పికీ జీతం ప్రధానంగా గింజల రూపంలోనే ముట్టేది. కనుక మాత్ ఎంత ఉదాత్తమైన భావన అయినా, సామాన్యుని ఇంటికి అది చేరే దారి ధాన్యాగారం గుండానే సాగింది.

3. దాతగా రాజు

మూడవ రామెసిస్ తన 5, 11వ పాలనాసంవత్సరాల్లో లిబియన్లతోను, 8వ సంవత్సరంలో 'సముద్రజాతులు'గా చరిత్రకారులు పేర్కొనే సమూహాలతోను యుద్ధాలు చేశాడు. థీబ్స్ నగరానికి ఎదురుగా, నైలు నది పశ్చిమతీరంలోని మదీనత్ హబులో ఆయన నిర్మించిన స్మారకాలయం గోడలపై ఈ విజయాలు చిత్రితమై ఉన్నాయి. అదే ఆలయం దక్షిణపు గోడపై ఏ పండుగకు ఏ నైవేద్యం ఎంత పెట్టాలో తెలిపే సుదీర్ఘమైన పట్టిక ఉంది.

ఆయన మరణానంతరం సిద్ధమైన గ్రేట్ హారిస్ పపైరస్ 40 మీటర్లకు పైగా పొడవైనది. ఆలయాలకు సంబంధించి అందులో పేర్కొన్న సంపదలో లక్షకు పైగా మనుషులు, 169 ఊళ్లు, సుమారు 10.7 లక్షల అరూరాల భూమి ఉన్నాయి. ఒక అరూరా ఎకరంలో దాదాపు మూడింట రెండు వంతులు. ఇదంతా కొత్తగా ఇచ్చిన దానమా, అంతకు ముందే ఆలయాల అధీనంలో ఉన్నదానికి చేసిన ధ్రువీకరణమా అన్న విషయంలో పండితులకు భిన్నాభిప్రాయాలున్నాయి. ఏదైనా, ధాన్యం పండే భూమిలో పెద్దభాగం ఆలయాల లెక్కల్లో ఉన్నదన్న విషయం దీనివల్ల స్పష్టమవుతుంది.

4. పాలనాసంవత్సరం 29: ఆకలి

మదీనత్ హబుకు సుమారు ఒక కిలోమీటరు దూరంలో దైర్ ఎల్-మదీనా అనే పనివారి పల్లె ఉంది. రాజుల లోయలో సమాధులను తొలిచి, చిత్రించేవారు ఇక్కడ కుటుంబాలతో నివసించారు. చుట్టూ ఎడారి; సాగుభూమి లేదు. నీళ్లు సైతం బయటినుంచి మోసుకొని రావలసిందే. సాధారణ పనివానికి నెలకు 4 ఖార్ల గోధుమ, 1.5 ఖార్ల బార్లీ జీతంగా నిర్ణయమైంది. ఒక ఖార్ సుమారు 77 లీటర్లు. గోధుమ రొట్టెకు, బార్లీ బీరుకు ఉపయోగపడేవి. ఈ జీతం ఆగితే ఆ పల్లెకు మరో ఆధారం దాదాపు లేదు.

క్రీ.పూ. 1157 ప్రాంతంలో, రామెసిస్ 29వ పాలనాసంవత్సరంలో ఈ జీతం ఆగింది. టూరిన్ మ్యూజియంలో భద్రపరచిన 'సమ్మె పపైరస్' ఆ నెలల వివరాలను తేదీలతో సహా అందిస్తుంది. దీనిని రాసినవాడు ఆ పల్లె లేఖకుడు అమెన్‌నఖ్త్ అని పండితులు భావిస్తారు. ధాన్యం రావలసిన గడువు దాటి 18 రోజులైనా రాకపోవడంతో, పనివారు శ్మశానప్రాంతపు కావలిగోడలు దాటి వచ్చి మూడవ తుత్మోసిస్ స్మారకాలయం వెనుక బైఠాయించారు. తరువాత రెండవ రామెసిస్ స్మారకాలయానికి చేరారు. తమకు బట్ట లేదు, నూనె లేదు, చేపలు లేవు, కూరలు లేవు అని చెప్పుకొన్నారు. తమ మొర ఫరోకు రాయమని, తమ పై అధికారియైన వజీరుకు రాయమని కోరారు. చివరకు అంతకు ముందు నెల బాకీ వారికి ముట్టింది.

ఇక్కడ రెండు అంశాలు ముఖ్యమైనవి. మొదటిది, వారు రాజును ధిక్కరించలేదు. రాజు పేరుతోనే అధికారులను నిలదీశారు. ఫరోకు తెలిస్తే న్యాయం జరుగుతుందన్న నమ్మకమే వారి వాదానికి బలం. రెండవది, వారు కూర్చున్న స్థలాలు. రాజస్మారకాలయాలు పూజాస్థలాలే కాక ధాన్యాగారాలు కూడా. ధాన్యం ఎక్కడున్నదో తెలిసినవారే ఆ గుమ్మాల ముందుకు వచ్చారు.

ఆ సంవత్సరంలోనే రాజు 30వ ఏటి సెద్ ఉత్సవానికి సన్నాహాలు సాగుతున్నాయి. దక్షిణప్రాంతపు దేవతామూర్తులను ఉత్సవానికి తరలించడానికి వచ్చిన వజీరు తా పనివారిని కలవకుండానే ఉత్తరానికి వెళ్లాడు. ధాన్యాగారంలోనే ఏమీ లేదని, దొరికినంత ఇస్తానని కబురు పంపాడు. ముట్టినది సగం జీతమే. తరువాత థీబ్స్ నగరాధికారి, ఫరో జీతం ఇచ్చేవరకు గడుపుకొమ్మని 50 ఖార్ల గోధుమ ఇవ్వజూపాడు. ఆలయ నైవేద్యాన్ని తీసి పనివారికి పెట్టడం నేరమని అతనిపై ఆరోపణ వచ్చింది. దేవునికి పెట్టడమూ మాత్, ఆకలిగొన్నవానికి పెట్టడమూ మాత్. ఈ రెండింటినీ ఒకే ధాన్యంతో నెరవేర్చలేని స్థితిలో పాలన పడిందనడానికి ఈ ఆరోపణే నిదర్శనం.

5. అంతఃపురంలో కుట్ర

ఆ తరువాత సుమారు మూడేళ్లకు రాజు ప్రాణానికే ముప్పు వచ్చింది. అది ఆకలిగొన్న పల్లెనుంచి రాలేదు. తియె అనే రాణి తన కొడుకు పెంతవేరెత్‌ను సింహాసనం ఎక్కించడానికి కుట్ర పన్నింది. అంతఃపుర ఉద్యోగులు, సేవకులు ఆమెకు తోడయ్యారు. టూరిన్ న్యాయపపైరస్‌లో ఈ విచారణ నమోదైంది. నిందితులలో కొందరి పేర్లనే లేఖకులు మార్చి రాశారు. 'మెసెద్‌సురే' అంటే 'రే దేవునికి గిట్టనివాడు' అని అర్థం. విచారణకు నియుక్తులైన వారిలో కొందరు నిందిత స్త్రీలతో కలిసి విందు చేసుకొన్నందుకు వారికి ముక్కుచెవులు కోశారు. పెంతవేరెత్ తన ప్రాణం తానే తీసుకొన్నాడు.

మూడవ రామెసిస్ మమ్మీకి జరిపిన సీటీ స్కాన్ ఫలితాలు 2012లో ప్రచురితమయ్యాయి. ఆయన గొంతు ఎముక వరకు తెగి ఉన్నట్లు తేలింది. ఆకలితో ఉన్న పనివారు రాజును తమ చివరి ఆశగా తలచారు. ఆయన ఇంట తిన్నవారు ఆయన గొంతుపై కత్తి పెట్టారు.

6. ముగింపు

మూడవ రామెసిస్‌ను ఈజిప్టు చివరి గొప్ప ఫరోగా చరిత్రకారులు పేర్కొనడం పరిపాటి. యుద్ధవిజయాల దృష్ట్యా అది సమంజసమే. ఆయన అనంతరం కూడా జీతాల ఆలస్యాలు, పనివారి నిరసనలు కొనసాగాయి. 20వ రాజవంశంలో ధాన్యం ధరలు పెరిగాయి. తొమ్మిదవ రామెసిస్ కాలంనాటికి రాజసమాధుల దోపిడీపై విచారణలు జరపవలసి వచ్చింది. నూతన రాజ్యం క్రీ.పూ. 1070 ప్రాంతంలో అంతరించింది. ఈ పతనానికి కారణాలు అనేకం. వాటిలో, ఇస్తానన్న ధాన్యం ఇవ్వలేకపోవడం యుద్ధశాసనాల్లో కనిపించని కారణం.

కనుక ప్రాచీన పాలకుల చరిత్రను రచించేటప్పుడు, రాజు తనను గురించి చెక్కించుకొన్న మాటలతోపాటు రాజు తమకు బాకీ ఉన్నదేమిటో లెక్క రాసుకొన్నవారి మాటలనూ ఆధారంగా స్వీకరించాలి. దైర్ ఎల్-మదీనా లేఖకుని పత్రం ఆ విధంగా మదీనత్ హబు గోడలకు ప్రత్యర్థి కాదు. వాటిని సరిగా చదవడానికి అవసరమైన వ్యాఖ్యానం.