లష్కర్‌లో రెండు నురగలు

ఆషాఢంలో లష్కర్ బోనాల నాడు ఉజ్జయినీ మహంకాళి గుడి ముందు నిలబడండి. పసుపు, వేపాకు, సాంబ్రాణి వాసనల మధ్య నుంచి ఒక పుల్లటి వాసన వచ్చి ముక్కుకు తగులుతుంది. అది కల్లు సాక. సాక పోయనిదే బోనం పూర్తయినట్టు కాదు. ఈ గుడి పుట్టింది దండులోంచే. పటాలంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినిలో ఉండగా, ఇక్కడ కలరా తగ్గితే అమ్మవారిని తెచ్చి నిలుపుతానని మొక్కుకున్నాడనీ, 1815లో ఆ మొక్కు చెల్లించుకున్నాడనీ ఆలయ చరిత్ర చెబుతుంది. అప్పటికి ఈ ఊరికి నిజాం సికందర్ జా పేరున సికింద్రాబాదని పెట్టి తొమ్మిదేళ్ళు. జనం నోట మాత్రం ఇది లష్కర్, అంటే దండు.

ఆ దండులో రెండు నురగలు పొంగాయి. ఒకటి సముద్రం దాటి వచ్చింది, రెండోది చెట్టు దిగి వచ్చింది. ఇవాళ జూబ్లీహిల్స్‌లో కూర్చుని ఏ చోట బీరు బాగుంటుందని వాదించుకునే కుర్రాళ్ళను చూసినప్పుడల్లా నాకు ఈ పాత పోటీయే గుర్తొస్తుంది. బీరు రుచి గురించి మన ఊళ్ళో మాట్లాడాలంటే కల్లును పక్కన పెట్టి మాట్లాడలేం.

ముందు సముద్రం దాటి వచ్చినదాని సంగతి. లండన్ రేవుల దగ్గర హాడ్జ్‌సన్ అనే బీరు వ్యాపారి పీపాలను ఈస్టిండియా కంపెనీ ఓడల కెప్టెన్లు కొని ఇటు తెచ్చేవారు. సూయజ్ కాలువ లేదు. ఓడ ఆఫ్రికా కొస చుట్టి రావడానికి నెలలు పట్టేది. దారిలో ఎండకు, ఓడ ఊపుకు బీరు చెడిపోకుండా హాప్స్ అనే చేదు పువ్వులు ఎక్కువ వేసేవారు. 1822 ప్రాంతంలో బర్టన్ ఊరి ఆల్‌సాప్ ఈ వ్యాపారంలోకి దిగాడు. సున్నపు లవణాలున్న బర్టన్ నీళ్ళలో ఆ చేదు మరింత స్పష్టంగా పలికింది. ఇవాళ మన పబ్బుల్లో 'ఐపీఏ' అని అడిగి తాగే చేదు బీరుకు మూలం ఆ ప్రయాణమే. రేవులో దిగిన పీపా ఎడ్లబండి ఎక్కి దక్కనుకు చేరేది. 1874లో సికింద్రాబాదుకు రైలు వచ్చాక గానీ ఆ బండి ప్రయాణం తప్పలేదు. ఆరు నెలల కిందటి బీరును తాగి సిపాయి తన ఊరిని తలుచుకునేవాడు.

అదే సిపాయికి నాలుగడుగుల దూరంలో పొద్దున దించిన కల్లు ఉండేది. చౌక, తాజా. సేంధీ అన్నా, ఈదుల కల్లు అన్నా అదే. కానీ నాటు మత్తుకు పటాలం పాడవుతుందని దొరల భయం. కంటోన్మెంట్లలో సిపాయిలకు అనుమతి లేకుండా మత్తు సరుకు అమ్మడం నేరమైంది. 1924 కంటోన్మెంట్ల చట్టంలోనూ ఆ నిషేధం ఉంది. దానివల్ల ఒక అన్యాయం జరిగిందని నేను నమ్ముతాను. బీరు మర్యాదస్తుల పానీయమైంది, కల్లు గోడవతలి వాళ్ళదైంది. 1878లో మొదలైన సికింద్రాబాద్ క్లబ్బులో గాజు గ్లాసు, బస్తీలో తాటాకు రేక. రుచిలో ఏది మేలని అడిగినవాళ్ళు లేరు.

బీరు కొంత దగ్గరికి వచ్చింది బెంగళూరు వల్ల. 1915లో థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండ్ మనిషి దక్షిణాదిలోని చిన్న చిన్న బ్రూవరీలను కలిపి యునైటెడ్ బ్రూవరీస్‌గా చేశాడు. వాటిలో ఒకటైన క్యాజిల్ బ్రూవరీ 1857 నాటిది. పెద్ద పెద్ద పీపాలు బండ్ల మీద తెల్లసిపాయిల దండ్లకు వెళ్ళేవి. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు విఠల్ మాల్యా ఆ కంపెనీలో మొదటి భారతీయ డైరెక్టరయ్యాడు. పీపా పోయి సీసా వచ్చింది.

మన నీళ్ళతో మన దగ్గరే కాచిన బీరు కావాలంటే సంగారెడ్డి దాకా వెళ్ళాలి. మంజీరా పరివాహకంలో పోటీ కంపెనీలు కూతవేటు దూరాల్లో ఫ్యాక్టరీలు పెట్టాయి. ఇటు కింగ్‌ఫిషర్, అటు నాకౌట్, హేవార్డ్స్ 5000. బార్లలో బల్లల చుట్టూ పార్టీలు కట్టి వాదించుకున్న తరం నాది. అంత వాదించుకున్న మేము తాగింది దాదాపు ఒకే నీళ్ళు, ఒకే తీరు లాగర్. ధర తగ్గడానికీ ఒంటికి తేలికగా ఉండడానికీ బార్లీతో పాటు బియ్యమో మొక్కజొన్నో చక్కెరో పడతాయి. గ్లిజరిన్ పోతుందని సీసాను తలకిందులుగా నీళ్ళ గ్లాసులో ముంచేవాళ్ళను ఎంతమందిని చూశానో. అందులో ఎవరూ గ్లిజరిన్ కలపరు, పులిసేటప్పుడు కొద్దిగా దానంతటదే పుడుతుంది. 2016లో నాకౌట్, హేవార్డ్స్ బెల్జియం కంపెనీ చేతిలోకి వెళ్ళాయి. 2021లో కింగ్‌ఫిషర్ మీద పెత్తనం డచ్చి హైనెకెన్‌ది అయింది. అంతకుముందు 1995 నుంచి రెండేళ్ళు మద్యనిషేధం. 2025 జనవరిలో బకాయిలు, ధరల పేచీతో కింగ్‌ఫిషర్ సరఫరా కొన్నాళ్ళు ఆగినప్పుడు, ఊరు మొత్తం ఒక్క సీసాకు ఎంత అలవాటు పడిందో తెలిసింది.

అసలు మార్పు 2015లో వచ్చింది. ఆ ఏడు తెలంగాణ ప్రభుత్వం మైక్రోబ్రూవరీల నిబంధనలు తెచ్చింది. కాచిన చోటే పోయాలి, సీసాలో పట్టి బయటికి పంపకూడదు. ప్రోస్ట్, హాపరీ, జీరో40 లాంటివి ముందుగా జూబ్లీహిల్స్ వైపు వెలిశాయి. సికింద్రాబాదు వాళ్ళం ట్యాంక్‌బండ్ దాటి వెళ్ళి తాగాం.

రెండు బ్రూవరీల బీరును పోల్చాలంటే రెండు చోట్లా ఒకే రకం అడగాలి. నేను గోధుమ బీరు అడుగుతాను. ఒకసారి దగ్గర దగ్గరగా ఉన్న రెండు చోట్ల ఒకే సాయంత్రం తాగాను. మొదటిచోట గ్లాసు ఎత్తగానే మగ్గిన అరటిపండు వాసన. రెండోచోట లవంగం. ఎవరూ అరటిపండు వేయలేదు, లవంగమూ వేయలేదు. రెండూ ఈస్టు చేసే పనే. తొట్టి కాస్త వెచ్చగా ఉంటే అరటి వాసన పెరుగుతుంది. మొలకధాన్యం నానబెట్టేటప్పుడు వేడిని ఒక మెట్టు దగ్గర ఆపి ఉంచితే లవంగం పైకి వస్తుంది. కొన్ని డిగ్రీల తేడాలో ఒక మనిషి చెయ్యి తెలుస్తుంది. అందుకే మరీ చల్లగా తాగొద్దంటాను. మంచులా ఉన్న బీరులో ఆ చెయ్యి కనబడదు. లేతరంగుతో మొదలుపెట్టి, వేపిన ధాన్యంతో కాఫీ డికాషన్‌లా ఉండే స్టౌట్‌ను చివరికి ఉంచుకోవాలి. మధ్యలో పుక్కిలించడానికి మంచినీళ్ళు చాలు.

ఆ రాత్రి ఇంటికి వస్తూ అనుకున్నాను, కాచిన చోటే తాగడం, ఏ రోజుది, ఎవరి చేతిది అని అడగడం మన గీతకార్మికుల దగ్గర ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే కదా అని. కల్లుకు ధాన్యం మొలకెత్తించక్కర్లేదు, చక్కెర నీరులోనే సిద్ధంగా ఉంటుంది. ఈస్టును ఎవరూ కలపరు. లొట్టిలో, గాలిలో ఉన్నదే పని మొదలుపెడుతుంది, దానికి తోడు జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా. లొట్టికి సున్నం పూస్తే పులవకుండా నీరాగా దిగుతుంది. 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ప్రభుత్వం తెరిచిన కేఫ్ ఆ నీరా కోసమే.

మరి నగరంలో కల్లు పేరు ఎందుకు చెడింది? చెట్లు పోయాయి, తాగేవాళ్ళు పోలేదు. ఉన్న కల్లు చాలక క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రజోలం కలిపిన నీళ్ళు కల్లు కాంపౌండ్లలోకి వచ్చాయి. 2004లో నగరంలో దుకాణాలు మూయించారు, 2014లో మళ్ళీ తెరిపించారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీకల్లు ప్రాణాలు తీసింది. కూలి చేసుకుని సాయంత్రం గ్లాసు పట్టుకున్న మనుషులు వాళ్ళు. గాజు తలుపుల వెనక బీరుకు తొట్టి మీద తేదీ రాస్తారు. ఈ మనిషి తాగేదానికి చెట్టెక్కడుందో చెప్పే దిక్కు లేదు. దీన్ని తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. కల్లు తప్పు కాదిది.

అసలు కల్లు కోసం ఫాల్గుణంలో ఒక తెల్లవారుజామున బీబీనగర్ దాటి వెళ్ళాను. పొలం గట్టు మీద తాళ్ళు. నడుముకు ముస్తాదు, చెట్టుకు మోకు వేసుకున్న పెద్దమనిషి రెండు లొట్లు దించి నా ముందు పెట్టాడు.

"గిది పోద్దాటిది సార్, గది పండుదాటిది. రెండూ ఒక్కతీరుగ ఉండయి. తాగి సూడుండ్రి."

తాటాకు రేక మడిచి చేతికిచ్చాడు. మగచెట్టుది పలుచగా, చల్లగా, కొబ్బరినీళ్ళ తీపిలో సన్నని పులుపుతో దిగింది. ఆడచెట్టుది చిక్కన, గొంతు దగ్గర కాస్త వగరు. ఈగలు తోలుకుంటూ, ఆయన చెట్ల కథలు వింటూ ఒక అరగంట కూర్చున్నాను. మళ్ళీ మొదటి లొట్టిలోంచే పోయించుకున్నాను. ఇందాకటి తీపి సగం పోయింది, నాలుక మీద చిటపటలు.

"ఎండ తగిలింది గద సార్," అంటూ ఆయన మోకు భుజాన వేసుకుని తరువాతి చెట్టు వైపు నడిచాడు.