కాంతి సాక్ష్యాన్నీ శంకించాలి: జీడబ్ల్యూ 170104పై ఆస్ట్రోశాట్ పరిశీలన

గురుత్వ తరంగాలను నమ్మనివారు ముందుగా అడిగేది కాంతి సాక్ష్యం. దూరదర్శినికి కూడా ఏదో ఒకటి కనిపిస్తే తప్ప ఆ తరంగాలను పట్టే లైగో మాట చెల్లదంటారు. వెలుగు కనబడగానే సందేహం తీరిపోయిందనుకోవడం అంతకన్నా ప్రమాదకరం. తరంగాన్ని ఎంత గట్టిగా పరీక్షిస్తామో, దానికి జోడుగా చూపే వెలుగునూ అంతే గట్టిగా పరీక్షించాలి. ఆ పని మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం ఒకసారి చేసి చూపింది.

2017 జనవరి 4న లైగో శోధకాలు రెండింటికీ జీడబ్ల్యూ 170104 అనే తరంగం అందింది. దాదాపు 300 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, సూర్యుడికి 31 రెట్లు, 19 రెట్లు బరువున్న రెండు కృష్ణబిలాలు కలిసిన ఘటన అది. శోధకాలు రెండే కావడంతో దిశ సరిగా తేలలేదు. వెతకాల్సిన మేర సుమారు 1200 చదరపు డిగ్రీలు, అంటే ఆరువేల నిండు చందమామలు పట్టేంత ఆకాశం. ఆ మేరలోనే సుమారు 23 గంటల తర్వాత అట్లాస్ ఆకాశ సర్వే వేగంగా మసకబారుతున్న ఒక చుక్కను పట్టుకుంది. దానికి అట్లాస్17ఏఈయూ అని పేరు పెట్టారు. కృష్ణబిలాల కలయిక నుంచి వెలుగు వచ్చిందా అన్న ప్రశ్న వెంటనే లేచింది.

ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఎగిరింది. దాని సమాచారం చేరేది కర్ణాటకలోని బ్యాలాలు కేంద్రానికి. ఆస్ట్రోశాట్‌లోని సీజడ్‌టీఐ పరికరం, తరంగం వచ్చిన క్షణాన అనుమానిత ఆకాశంలో 50.3 శాతాన్ని చూస్తూ ఉంది. దానికి కఠిన ఎక్స్-కిరణాల జాడే కనిపించలేదు. మిగతా సగం మాటేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. ఆ ఒక్క ఆధారంతోనే తీర్పు చెప్పి ఉంటే అది తొందరపాటయ్యేది.

అసలు ఆధారం మరుసటి రోజు దొరికింది. జనవరి 5న, తరంగం వచ్చిన దాదాపు 20 గంటలకు, సీజడ్‌టీఐతోపాటు చైనావారి పోలార్ పరికరం కూడా ఒక దీర్ఘ గామా కిరణ విస్ఫోటాన్ని నమోదు చేసింది. చుక్క మసకబారే తీరును లెక్కగట్టి కాలంలో వెనక్కి నడిపిస్తే, అది పుట్టిన వేళ ఈ విస్ఫోటంతో కలిసింది, తరంగంతో కలవలేదు. వరుణ్ భలేరావు, సహ పరిశోధకులు ప్రకటించిన నిర్ధారణ ఇదే: రెండు వేర్వేరు ఘటనలు యాదృచ్ఛికంగా ఒకే ఆకాశ భాగంలో పడ్డాయి.

అదే ఏడాది ఆగస్టు 17న కథ మరోలా నడిచింది. న్యూట్రాన్ నక్షత్రాల కలయిక నుంచి వచ్చిన తరంగం ముగిసిన 1.7 సెకన్లకే గామా కిరణాలు అందాయి. వర్గో శోధకం కూడా తోడవడంతో వెతకాల్సిన మేర సుమారు 30 చదరపు డిగ్రీలకు కుదించుకుపోయింది, ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో వెలుగు దొరికింది. జనవరి చుక్కను తోసిపుచ్చినదీ, ఆగస్టు వెలుగును నిలబెట్టినదీ ఒకే కొలత: కాలం ఎంత దగ్గర, చోటు ఎంత ఇరుకు. మహారాష్ట్రలోని ఔంఢాలో తలపెట్టిన లైగో-ఇండియా అవసరం కూడా ఇక్కడే ఉంది. భూమ్మీద దూరదూరంగా ఉన్న శోధకాలు పెరిగేకొద్దీ దిశ ఇరుకవుతుంది, సంబంధం లేని చుక్క ఆ మేరలో పడే అవకాశమూ తగ్గుతుంది.