చెరువు కట్టించినవారు ఏమి కోరిరి?

ఇల్లు కట్టించదలచినవాడు మేస్త్రీని పిలిచి ఎంత ఖర్చగును, ఎన్నాళ్ళు పట్టును, ఎన్నేళ్ళు నిలుచును అని అడుగును. ఈ ప్రశ్నలు నేటివి కావు. పూర్వము చెరువులు కట్టించిన రాజులకును, సేనానులకును ఇవియే ఎదురైనవి. అయితే ఇల్లు కూలిన ఒక కుటుంబమునకు నష్టము. చెరువు కట్ట తెగిన దాని క్రింది ఊళ్ళన్నిటికిని నష్టము.

మరిపెడ నేడు మహబూబాబాదు జిల్లాలోనిది. పూర్వము వరంగల్లు జిల్లాలో ఉండెడిది. ఆ జిల్లా కాకతీయుల చెరువులకు పేరుపొందినది. గణపతిదేవుని కాలమున నిర్మింపబడిన పాకాల చెరువు, రామప్ప చెరువు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నవి. పాకాల కట్ట రెండు గుట్టల నడుమ ఉన్నది. ఇట్టి చోటు నెన్నుకొనిన కట్ట పొడవు తగ్గును, రెండు కొనలకు రాతి ఆధారము దొరకును.

ఈ అనుభవమునకు శాస్త్రరూపము కడప జిల్లా పోరుమామిళ్ళ శాసనమున కలదు. విజయనగర రాజైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో దీనిని వేయించెను. ఆ చెరువు పనికి వేయిమంది కూలీలు, రాళ్ళు తోలుటకు నూరు బండ్లు, రెండు సంవత్సరముల కాలము పట్టినట్లు అందు చెప్పబడినది.

మంచి చెరువునకు పన్నెండు అంగములను శాసనము పేర్కొన్నది. గట్టి నేల, తీయని నీటి నది, కొండ, మరీ పొడవు కాని రాతికట్ట, లోతైన విశాల గర్భము, దగ్గరలో రాతిగని మొదలగునవి వానిలో కొన్ని. వీనితోపాటు జలశాస్త్రము నెరిగిన పండితుడును, నేర్పుగల పనివారును ఉండవలెను. గమనింపదగిన విషయమేమనగా, జాబితాలో మొదటిది ధర్మమును, ధనమును గల ప్రభువు. అనగా పని కోరువానికిని బాధ్యత కలదు.

శాసనము ఆరు దోషములను కూడ చెప్పినది: కట్టనుండి నీరు ఊరుట, చవిటి నేల, రెండు రాజ్యముల సరిహద్దు, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువగుట, నీరెక్కువై ఆయకట్టు తక్కువగుట. మొదటిది మిక్కిలి ప్రమాదకరము. ఊరెడు నీరు మట్టిరేణువులను వెంట గొనిపోవును. లోపల సన్నని సొరంగ మేర్పడి పెద్దదగును. తుదకు కట్ట తెగును. నడుమ మిట్ట యున్నచో ఆ మేరకు నీటి నిలువ తగ్గును.

కట్టుటతో పని ముగియదు. చెరువు నిర్మించినవారికి, మరమ్మతు చూచువారికి దాని క్రింది భూమిని మాన్యముగా ఇచ్చు ఆచారము తెలుగునాట ఉండెడిది. దానికి దశబంధమని పేరు. కట్ట తెగినచో వారి మడియు ఎండును. కావున కట్టను కాపాడుట వారి స్వంత లాభమే అయినది.

ఉపాధ్యాయులు విద్యార్థులను తమ ఊరి చెరువు కట్టకు తీసికొనిపోయి ఈ ఆరు దోషములలో ఏవి ఉన్నవో పరీక్షింపజేయవచ్చును. ఆరు వందల యేండ్లు దాటినను ఆ జాబితా పాతపడలేదు.