అవతారక్రమం, జీవపరిణామం: ఒక సమన్వయవాద పరిశీలన

ఉపోద్ఘాతం

జీవపరిణామాన్ని ఒప్పుకున్నవారు దేవుణ్ణి నమ్మవచ్చునా? ఈ ప్రశ్నకు మన దేశంలో తరచు వినిపించే జవాబు దశావతారాలు. నీటిలో చేప, నీటికీ నేలకూ మధ్య తాబేలు, నేలమీద వరాహం, సగం మృగమైన నరసింహుడు, పొట్టివాడైన వామనుడు, గొడ్డలి పట్టిన పరశురాముడు, ఆపైన రాముడు, కృష్ణుడు. డార్విన్ చెప్పింది మనకు ముందే తెలుసునని దీని సారాంశం. అయితే ఈ పోలిక పురాణమంత పాతది కాదు. డార్విన్ గ్రంథం 1859లో వెలువడ్డాకే ఇది రూపు దిద్దుకుంది. 1877లో దివ్యజ్ఞాన సమాజ సహస్థాపకురాలు బ్లావట్‌స్కీ ‘ఐసిస్ అన్‌వీల్డ్’లోనూ, 1882లో బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్రసేన్ కలకత్తా ప్రసంగంలోనూ దీన్ని ముందుకు తెచ్చారు. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో, డార్విన్ సిద్ధాంతం కన్నా దశావతారాలే మెరుగని ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతి అన్నారు. ఈ సమన్వయం విజ్ఞానానికీ భక్తికీ కూడా మేలు చేయదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

పురాణ సాక్ష్యం

ఈ వాదానికి ప్రాణం వరుసలో ఉంది. ఆ వరుస మారితే వాదం నిలవదు. భాగవతం ప్రథమ స్కంధం ఇరవైకి పైగా అవతారాలను చెబుతుంది. అందులో వరాహానిది రెండో స్థానం. మత్స్యం పదోది, కూర్మం పదకొండోది. నారదుడూ కపిలుడూ చేపకన్నా ముందే వస్తారు. పోతన తెలుగులోనూ క్రమం ఇదే. పైగా అవతారాల మధ్య వంశ సంబంధం లేదు. రాముడు పరశురాముడి సంతతి కాడు, శివధనుర్భంగం తర్వాత ఇద్దరూ ఎదురుపడ్డారు కూడా. అవతారమంటేనే దిగిరావడం. తక్కువ నుంచి ఎక్కువకు ఎదగడం ఆ మాటలోనే లేదు. భక్తుడికి మత్స్యమూర్తి కృష్ణుడికి తొలి చిత్తుప్రతి కాడు.

సిద్ధాంత సాక్ష్యం

డార్విన్ చెప్పింది కూడా మెట్లవరుస కాదు, కొమ్మలు చీలే చెట్టు. ప్రకృతివరణానికి మనిషి గమ్యం కాడు. నేటి చేప వెనకబడిన జీవి కాదు. దానికీ మనకూ ఉమ్మడి పూర్వీకులున్నారు, అంతే.

బైబిలును అక్షరార్థంగా చదివేవారిని ఇబ్బంది పెట్టిన సమస్య, అంటే పరిణామానికి కాలం చాలదన్నది, మనకు లేదు. బ్రహ్మకు ఒక పగలైన కల్పమే 432 కోట్ల సంవత్సరాలు. అసలు చిక్కు వేరేచోట ఉంది. గొంగళిపురుగు బతికుండగానే దాన్ని లోపలినుంచి తినే కందిరీగజాతి పురుగులను దయామయుడైన దేవుడు కావాలని సృష్టించాడంటే నమ్మలేనని డార్విన్ 1860లో ఆసా గ్రేకు రాశాడు. గ్రే హార్వర్డ్ వృక్షశాస్త్రజ్ఞుడు, క్రైస్తవ విశ్వాసి, అమెరికాలో డార్విన్‌కు గట్టి మద్దతుదారు. జీవుల్లో వచ్చే వైవిధ్యాలను మేలైన దారిలో నడిపేది దేవుడేనని ఆయన సూచించాడు. డార్విన్ దాన్ని అంగీకరించలేదు. కొండచరియ నుంచి రాలిన రాళ్లతో ఇల్లు కట్టవచ్చు, కానీ ఆ రాళ్లు ఇంటికోసమే ఆ ఆకారంలో విరగలేదని 1868లో వాదించాడు.

ఆర్థడాక్స్ క్రైస్తవుడైన జన్యుశాస్త్రవేత్త డాబ్జాన్‌స్కీ 1973లో మరో దారి చూపాడు. పరిణామమే దేవుడు సృష్టించే పద్ధతి అన్నాడు. ఈ దారిలో విజ్ఞానం కనుగొన్నదాన్ని దిద్దే పని లేదు, గ్రంథంలో దాన్ని వెతికే పనీ లేదు. కందిరీగ ప్రశ్న మాత్రం తీరదు. కర్మసిద్ధాంతం దానికి ఒక జవాబు ఇస్తుంది గానీ, అది ప్రయోగశాలలో తేలే జవాబు కాదు.

ముగింపు

కాబట్టి విజ్ఞానానికీ విశ్వాసానికీ పొత్తు సాధ్యమే. విశ్వాసి సృష్టికి అర్థం వెతకాలి, ఆధారాలను జీవశాస్త్రానికి వదలాలి. అవతారాల జాబితా చివర భాగవతం, తరగని సరస్సు నుంచి వేల కాలువలు సాగినట్టు అవతారాలు లెక్కలేనన్ని అంటుంది. కాలువలు చీలడం చూసి, ఇదే డార్విన్ చెట్టు అనాలనిపిస్తుంది. అలా అంటే మళ్లీ మొదటి పొరపాటే చేసినట్టు.