ఆదివారపు విశ్రాంతి

మతము గ్రంథమునందున్నదా, నిత్యాచరణమునందున్నదా యను ప్రశ్న మనకు క్రొత్తది గాదు. ఆచారమే పరమధర్మమని మన స్మృతికారులు ఏనాడో చెప్పియున్నారు. కాని ఆచారమనగా మడియు మైలయు పంక్తిభేదమును అని యర్థము చేసికొని మనము చిరకాలము తృప్తి నొందితిమి. నల్లగొండ, మహబూబునగరము మెట్టసీమలలో ఊరికి వెలుపలి వాడలయందు బ్రదికిన నిరుపేదలు బైబిలు బోధను తమ దినచర్యకెట్లు అన్వయించుకొనిరో, అందులకు వారేమి వెల చెల్లించిరో విచారించినచో, ఈ ప్రశ్నకు మంచి సమాధానము దొరకునని మేము తలంచుచున్నాము.

ఈ చరిత్రకు మొదలు కృష్ణకు దక్షిణమున ఒంగోలులో గలదు. అమెరికా బాప్టిస్టు మిషనరీ యగు జాన్ క్లౌ 1866వ సంవత్సరమున అచ్చట స్థిరపడెను. ఆ యేడే యర్రగుంట్ల పేరయ్య యను మాదిగ పెద్ద బాప్తిస్మము పొంది, ఆ బోధను తన బంధువర్గములోనికి గొనిపోయెను. క్రొత్తగా చేరువారికి క్లౌ చెప్పిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు.

చూచుటకివి చిన్న నియమములే. కాని మూడును ఊరి కట్టుబాటును మూలముననే కదలించునవి. ఊరిలో చచ్చిన పశువు మాదిగవానికి పాలుగా ముట్టెడి కూలిలో నొక భాగము. దానిని విడుచుట ఆకలికి తలయొగ్గుట. జాతరకు డప్పు కొట్టుట అతని విధి. దానిని మానుట గ్రామమునెల్ల ఎదిరించుట. ఆదివారము పనికి రాననుట అన్నిటికంటె కష్టము; కోతగాని మోతగాని వారమును జూచి ఆగునవి కావు గదా! ఒంగోలు ప్రాంతమున ఇట్లు నిరాకరించిన వారిని గ్రామాధికారులు బాధించిన సంగతి క్లౌ స్వయముగా వ్రాసియున్నాడు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన గొప్ప కరవులో ఆయన బకింగుహాము కాలువ త్రవ్వకమున కొంత భాగమును గుత్తకు దీసికొని వేలమందికి పని కల్పించెను. కాని అన్నముకొరకు మతము మారిరను మాట రాకుండుటకై ఆ కాలమున బాప్తిస్మము లిచ్చుట నిలిపివేసెను.

ఈ బోధ క్రమముగా కృష్ణ దాటి నిజాము రాజ్యమున ప్రవేశించెను. బాప్టిస్టులు 1875లో సికింద్రాబాదునందును, 1885లో పాలమూరునందును కేంద్రముల నేర్పరచిరి. ఆ పాలమూరే 1890లో మహబూబునగరమాయెను. ఆ సంవత్సరముననే దక్షిణ రష్యానుండి వచ్చిన ఆబ్రహాము ఫ్రీసెన్ నల్లగొండలో పని ప్రారంభించెను. ఈయన మెన్నోనైటు శాఖవాడు. పదునారవ శతాబ్దమున పుట్టిన యీ శాఖవారు కత్తి పట్టరు, ప్రమాణము చేయరు. విశ్వాసమునకు నిదర్శనము నడవడియే యని వారి మతము. తరువాత అమెరికానుండి వచ్చిన మెన్నోనైటు బ్రదరెనులు నాగరుకర్నూలు, దేవరకొండ, వనపర్తి మొదలగు చోట్ల స్థిరపడి బడులను వైద్యశాలలను నెలకొల్పిరి. వారిలో వైద్యురాలు కాతరీనా షెల్లెన్‌బర్గు 1907లో వచ్చి, 1945లో మరణించువరకు ఈ ప్రజలకే చికిత్స చేసెను.

ఆ నాడు ఈ సీమయంతయు వెట్టిచాకిరి క్రింద నలుగుచుండెను. దొరకు చెప్పులును మోటబొక్కెనలును ఉచితముగ కుట్టియిచ్చుట, అధికారుల మూటలు మోయుట, పిలిచినపుడు పొలమునకు బోవుట మాదిగ కుటుంబములకు తప్పని విధులు. ఇట్టివానికి వారమున నొకదినము నీది యని చెప్పుట సామాన్యమైన మాట గాదు. ద్వితీయోపదేశకాండమున విశ్రాంతిదినమును విధించు తావున, యజమానునితోపాటు దాసుడును దాసియు ఎద్దును గాడిదయు విశ్రమింపవలెనని కలదు. దానికి చెప్పిన కారణము, నీవును ఐగుప్తులో దాసుడవై యుంటివను జ్ఞాపకము. వెట్టివాని చెవిని బడినపుడు ఈ విధికి వ్యాఖ్యానముతో పనిలేదు.

అయినను సత్యము చెప్పవలెను. బోధ మనిషిని నిలువబెట్టెను గాని వెట్టిని కూల్చలేదు. ప్రభుత్వానుమతిమీద నిలిచిన మిషనులు అక్షరము నేర్పినవి, శుభ్రత నేర్పినవి, దొరతనముతో తలపడలేదు. 1946 జూలై 4వ తేదీన, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణము లర్పించిన పిమ్మట చెలరేగిన రైతుపోరాటమే వెట్టిని పెకలించినది. ఆ జనగామయు, ఆ పోరాటమునకు పేరుపొందిన సూర్యాపేటయు, అంతకు పూర్వమే మిషను కేంద్రములుగా నుండెననుట మరువరాదు. అంతేకాదు, ఒకే బల్లయొద్ద రొట్టె విరుచుకొను మాల మాదిగలు పెండ్లి సంబంధములకు వచ్చుసరికి పలుచోట్ల వేరయిపోయిరి. ఆదివారము మారినది, సోమవారము పూర్తిగా మారలేదు.

వెల చెల్లించుట నేటికిని ముగియలేదు. 1950లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము క్రైస్తవమును స్వీకరించినవానికి షెడ్యూల్డు కులమువానికి గల హక్కులు చెల్లవు. తెలంగాణములో అట్టివారిని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గమున చేర్చి నూటికి ఒక్క వంతు కేటాయించిరి. ఉపాధ్యాయులమగుటచే బడిలో పేర్లు చేర్చుకొను పుస్తకము మా చేతిలో నుండును. తల్లి బిడ్డను పిలుచు పేరొకటి, మాకు వ్రాయించు పేరొకటి అయినప్పుడు మేము కలము పట్టి ఒక క్షణము ఆగుచుందుము. ఇది కపటమని తేలికగా ననువారు కలరు. ఆ తల్లికి ఆ రెండు పేర్ల నడుమ ఏమి పోవునో, ఏమి మిగులునో వారు లెక్కించి చూచిరా?

మతము జీవితమున ప్రవేశించినదనుటకు గుర్తు, దానికై మనము కొంత వెల నిచ్చుట. వాడలోని నిరుపేద తన కూలిలో కొంత విడిచి ఒకదినపు విశ్రాంతిని కొనెను. చదువుకొన్న మనమేమి విడిచితిమి? ప్రతిదినమును మన యింట అంట్లు తోమి, ముంగిలి యూడ్చి పోవు ఆమెకు వారమున కొకదినము, కూలి తెగకుండ, విశ్రాంతి నిచ్చుచున్నామా? ఏ మతమువారమైనను, ఏ గ్రంథమును చదువువారమైనను, ఈ ప్రశ్నకు సమాధానము గ్రంథములో గాక మన వంటయింటి వాకిట వెదకవలసియున్నది.