టర్బో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్

టర్బో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అనగా ఇంజనులోని వేర్వేరు సిలిండర్ల నుండి వెలువడే దహన వాయువులను ఒకచోట చేర్చి టర్బోచార్జరుకు అందించే లోహ నిర్మాణం. పొలాల నుండి వచ్చే చిన్న మురుగు కాలువలన్నీ ఒక పెద్ద కాలువలో కలిసినట్లు, ఒక్కొక్క సిలిండరు నుండి వచ్చే గొట్టం ఇందులో కలుస్తుంది. టర్బో లేకుండా తయారైన కారుకు తరువాత దానిని అమర్చదలచినవారు ఈ భాగాన్ని చాలాసార్లు తామే రూపొందించుకోవలసి వస్తుంది. 1989లో విడుదలైన మాజ్డా ఎమ్ఎక్స్-5 ఇందుకు మంచి ఉదాహరణ. ఈ రెండు సీట్ల కారును కంపెనీ 2004-2005 కాలంలో మాజ్డాస్పీడ్ అనే రకంలో టర్బోతో అమ్మింది. అంతకుముందు వచ్చిన కార్లకు టర్బో బిగించినది ఎక్కువగా ఔత్సాహికులు, చిన్న వర్క్‌షాపులు. ఈ వ్యాసంలో కొలతలు అటువంటి 1.6-1.8 లీటర్ల, నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజనును దృష్టిలో ఉంచుకుని ఇవ్వబడినవి.

నేపథ్యం

ఇంధనం మండగా పుట్టిన శక్తిలో సుమారు మూడవ వంతు పొగగొట్టం ద్వారా వృథాగా పోతుంది. ఈ వాయువులతో టర్బైనును తిప్పి, దాని సాయంతో సిలిండర్లలోకి ఎక్కువ గాలిని పంపే పద్ధతికి స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూచి 1905లో పేటెంటు పొందాడు. కార్లలో ఇది 1962లో ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్, షెవ్రొలె కోర్వేర్‌లతో మార్కెట్టుకు వచ్చింది.

పీడన తరంగాలు

ఎగ్జాస్టు వాయువు నీటి ధారవలె నిలకడగా ప్రవహించదు. ఎగ్జాస్టు వాల్వు తెరుచుకున్న ప్రతిసారీ ఒక పీడన తరంగం పుడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజనులో క్రాంక్‌షాఫ్టు 180 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒక తరంగం వస్తుంది. కాని ఒక్కొక్క వాల్వు సుమారు 240 డిగ్రీలపాటు తెరిచి ఉంటుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. మండే వరుస 1-3-4-2 అయినప్పుడు, 1వ సిలిండరు తన వాయువును పూర్తిగా వెళ్ళగొట్టకముందే 3వ సిలిండరు తరంగం బయలుదేరుతుంది. గొట్టాలు పొట్టిగా ఉండి ఒకే చోట కలిస్తే ఆ తరంగం 1వ సిలిండరులోకి వెనుదిరుగుతుంది. అక్కడ మిగిలిపోయిన వేడి వాయువు తరువాతి మిశ్రమాన్ని వేడెక్కించి నాకింగ్‌కు దారితీస్తుంది. పిస్టన్లు పాడయ్యే కారణాలలో ఇది ముఖ్యమైనది.

దీనికి పరిష్కారం 1, 4 సిలిండర్లను ఒక జతగా, 2, 3 సిలిండర్లను మరొక జతగా కలిపి, రెండు ద్వారాలు గల ట్విన్-స్క్రోల్ టర్బైనుకు విడివిడిగా చేర్చడం. అప్పుడు ఒక్కొక్క జతలో తరంగాల మధ్య ఎడం 360 డిగ్రీలు అవుతుంది. జతల మధ్య గోడ టర్బైను ముఖం వరకు సాగాలి. మధ్యలో చిన్న సందు మిగిలినా చాలావరకు ప్రయోజనం పోతుంది.

రకాలు, కొలతలు

అన్ని ద్వారాలూ ఒకే అడ్డు గొట్టంలోకి తెరుచుకునే రకాన్ని లాగ్ మానిఫోల్డ్ అంటారు. ఇది చవక, గట్టిది, తక్కువ చోటులో ఇముడుతుంది. లోపలి ఘనపరిమాణం తక్కువ కనుక టర్బో త్వరగా వేగం అందుకుంటుంది. అయితే పైన చెప్పిన తరంగాల తాకిడి ఇందులో ఎక్కువ. రెండవ రకంలో సమాన పొడవు గల గొట్టాలు వంపులు తిరిగి ఒకచోట కలుస్తాయి. ఇది అధిక వేగాలలో మేలు చేస్తుంది, చూడటానికీ అందంగా ఉంటుంది. రోజూ రోడ్డు మీద తిరిగే కారుకు మాత్రం పొట్టి, మందపాటి మానిఫోల్డే తగినది. పొడవైన గొట్టాలతో వచ్చే కొద్దిపాటి శక్తి, అవి పగిలినప్పుడు పడే శ్రమకు సరితూగదు.

గొట్టం లోపలి వ్యాసం ఇంజను ఎగ్జాస్టు ద్వారానికి దగ్గరగా ఉండాలి. మరీ పెద్దదైతే వాయువు వేగం తగ్గుతుంది. ఆవిరి గొట్టాలకు వాడే షెడ్యూల్ 10 రకం ఇందుకు అనుకూలం. అందులో 1¼ అంగుళాల గొట్టం వెలుపలి వ్యాసం 42.2 మి.మీ., మందం 2.77 మి.మీ.; అంటే లోపల సుమారు 36.6 మి.మీ.

వేడి, వ్యాకోచం

పెట్రోలు ఇంజనులో టర్బైను ముందు ఉష్ణోగ్రత 900 డిగ్రీల సెల్సియస్ దాటగలదు. బండి చక్రానికి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి తొడగడం మన పల్లెలలో అందరూ చూసినదే. వేడికి పెరిగిన పట్టా చల్లారగానే కర్రను బిగించివేస్తుంది. మానిఫోల్డులోనూ అదే బలం పనిచేస్తుంది. 400 మి.మీ. పొడవు గల 304 స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం 750 డిగ్రీలు వేడెక్కితే సుమారు 5 మి.మీ. సాగుతుంది. దానిని పట్టి ఉంచే ఫ్లాంజి మాత్రం, నీటితో చల్లబడే అల్యూమినియం హెడ్డుకు బిగించి ఉన్నందున, అంతగా సాగదు. ఆ తేడాను భరించవలసినది వెల్డింగు అతుకులు. ఇంజను వేడెక్కి చల్లారిన ప్రతిసారీ అవి లాగబడి, నొక్కబడి, చివరకు చీలుతాయి.

అందువలన ఫ్లాంజిని 10-12 మి.మీ. మందపు పలకతో చేసి, ద్వారాల మధ్య కోసి విడదీస్తారు. చివరి బోల్టు రంధ్రాలను కొంచెం పెద్దవిగా ఉంచుతారు. టర్బో బరువు మొత్తం మానిఫోల్డు మీద వేలాడకుండా ఇంజను బ్లాకు నుండి ఒక ఆధారం ఇస్తారు. ఆ ఆధారం కూడా వ్యాకోచానికి చోటివ్వాలి, లేనిచో అదే పగుళ్ళకు కారణమవుతుంది.

లోహం, వెల్డింగు

కంపెనీలు సాధారణంగా సిలికాన్-మాలిబ్డినం కలిపిన పోత ఇనుమును వాడతాయి. ఇంట్లో చేసుకునేవారికి పోత పోయడం సాధ్యం కాదు. 304 స్టీలు సులభంగా దొరుకుతుంది, కాని 450-850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే అందులోని క్రోమియం కార్బైడుగా మారి రేణువుల అంచుల వద్ద చేరుతుంది. దానితో ఆ అంచులు బలహీనపడతాయి. టైటానియం కలిసిన 321 రకం దీనిని తట్టుకుంటుంది. మైల్డ్ స్టీలు తక్కువగా వ్యాకోచిస్తుంది, అయితే ఎర్రని వేడిలో పొరలు పొరలుగా తుప్పు రాలి, ఆ పొరలు టర్బైను రెక్కలను దెబ్బతీయగలవు.

స్టెయిన్‌లెస్ స్టీలును టిగ్ పద్ధతిలో అతికేటప్పుడు గొట్టం లోపల కూడా ఆర్గాన్ వాయువు నింపాలి. లేకుంటే అతుకు వెనుక వైపు గరుకుగా, బలహీనంగా తయారవుతుంది. ఫ్లాంజిని ఒక పాత సిలిండరు హెడ్డుకు బిగించి అతకడం, చివరకు దాని ముఖాన్ని యంత్రంపై చదును చేయించడం ఆనవాయితీ.

టర్బో స్థానం

గొట్టాలు కోయకముందే టర్బో ఎక్కడ ఉండాలో నిర్ణయించుకోవాలి. దాని నూనె భూమ్యాకర్షణ వల్లనే కిందికి దిగాలి కనుక నూనె దారి కిందికే చూడాలి. బ్రేకు గొట్టాలకు, వైర్లకు ఎడం ఉండాలి. ప్రతి బోల్టుకూ స్పానరు అందాలి. ఈ చిన్న విషయాన్ని మరచినవారు తరువాత మానిఫోల్డు మొత్తం విప్పవలసి వస్తుంది. అదనపు వాయువును మళ్ళించే వేస్ట్‌గేటు గొట్టం ప్రవాహ దిశలోనే వాలుగా విడిపోవాలి. లంబంగా అతికితే వాయువు అటు మళ్ళక పీడనం అదుపు తప్పి పెరుగుతుంది.

చట్టం

భారతదేశంలో మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019లో సుప్రీం కోర్టు కూడా దీనిని ధ్రువీకరించింది. అందుచేత ఇటువంటి కార్లకు చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరులోని కరి వంటి రేసు ట్రాకులే సరైన చోటు.

పరీక్ష, లోపాలు

మొదటిసారి నడిపి పూర్తిగా చల్లారిన తరువాత బోల్టులన్నిటినీ మళ్ళీ బిగించాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్ మనే శబ్దం, అతుకుల వద్ద నల్లని మసి కనిపిస్తే చీలిక ఏర్పడినట్లే. ఆ చీలిక గుండా తరంగానికీ తరంగానికీ మధ్య బయటి గాలి లోపలికి చేరవచ్చు. అప్పుడు ఆక్సిజను సెన్సారు మిశ్రమంలో పెట్రోలు తక్కువైనదని పొరపడుతుంది, కంప్యూటరు అనవసరంగా పెట్రోలు పెంచుతుంది. చీలిక ఎదురుగా బ్రేకు గొట్టమో ఇంధన గొట్టమో ఉంటే మంటలు లేచే ప్రమాదం ఉన్నందున, అటువంటి కారును మరమ్మత్తు అయ్యేవరకు నడపరాదు.